ఎంబడి ఎవురు?

గుర్రప్ప దగ్గరికి వస్తువు వచ్చినా, మనిషి వచ్చినా, కబురు వచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "ఎంబడి ఎవురు?" ఈ లోకంలో ఏదీ ఒంటరిగా రాదని, అట్లా వచ్చిందంటే ఎవరినో ఎక్కడో మరిచి వచ్చిందని ఆయన గట్టి నమ్మకం.

క్యాంటీన్‌లో వడ పెడితే "ఎంబడి ఎవురు?" అంటాడు. చట్నీ యాడ అని దాని అర్థం. కొత్త లెక్చరర్ వచ్చి నమస్కారం పెడితే "నమస్కారమప్పా, ఎంబడి ఎవురు?" అంటాడు. పెండ్లయిందా, పిల్లలెందరు, అమ్మానాయనా ఎవరి దగ్గరుంటారు అని దాని అర్థం. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కారు దిగుతుంటే, గుర్రప్ప దండం పెట్టి, ఆయన్ని దాటి వెనక సీట్లోకి తొంగి చూశాడు. పక్కనున్న ప్రిన్సిపాల్ ఈశ్వరప్రసాద్‌కు ముచ్చెమటలు పోశాయి.

వచ్చిన జవాబులన్నీ ఒక ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకం ఎప్పుడూ ఆయన చంకలోనే ఉండేది. స్నానానికి పోయినప్పుడు ఎక్కడ పెడతాడో వాళ్ళ ఆవిడ తిమ్మమ్మకే తెలియాలి.

తమిళనాడులో కృష్ణగిరి పక్కనున్న బర్గూరు దగ్గర, గ్రానైట్ లారీలు దుమ్ము లేపుకుంటూ పోయే దారి పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీ ఉంది. 2007లో ఆ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కు గుర్రప్ప సిస్టం అడ్మినిస్ట్రేటరు. ఏడాది ఒప్పందం మీద ల్యాబ్ అసిస్టెంటుగా చేరిన నళినికి మొదటి రోజే ఆ ప్రశ్న ఎదురైంది.

"ఎంబడి ఎవురమ్మా?"

"ఎవురూ లేరన్నా, ఒక్కదాన్నే వచ్చినాను."

"ఒక్కదానివే యెట్లొస్తావు? నడిచి వచ్చినావా?"

"లేదన్నా, బస్సులో."

"మరి ఎంబడి బస్సు ఉండాది కదా! తిరిగి పొయ్యే బస్సు ఎన్ని గంటలకు? ఇంట్లో ఎవురుండారు?"

చివరి టౌన్ బస్సు ఐదూ యాభైకని, ఇంట్లో అమ్మ వెంకటమ్మ మాత్రమే ఉందని, అమ్మకు షుగరు జబ్బని నళిని చెప్పింది. గుర్రప్ప పుస్తకం తెరిచి, పెన్ను నాలిక మీద తడి చేసుకొని, అంతా రాసుకున్నాడు. డిప్లొమా చదివి చదివి ఆఖరికి ఒక పిచ్చి మనిషి చేతిలో పడ్డానని ఆ పిల్ల ఆ సాయంత్రం బస్సులో అనుకుంది.

ఈ పిచ్చి గుర్రప్పకు వంశపారంపర్యంగా వచ్చింది. వాళ్ళది హోసూరు దగ్గర కెలవరపల్లి పక్క గొర్రెలు మేపుకునే కుటుంబం. నాయన ముత్తప్ప ఊళ్ళో పెండ్లి పిలుపులకు పోయే మనిషి. పిలుపు అంటే ఆషామాషీ పని కాదు. అన్నను పిలవకముందు తమ్ముణ్ణి పిలిస్తే ఇద్దరూ రారు. మేనమామకు ఆకూ వక్కా పెట్టకపోతే పెండ్లికూతురు పీట మీదికే రాదు. మామ రావాలంటే ఆయన వియ్యంకుణ్ణి పిలవాలి, వియ్యంకుడు రావాలంటే ఆయనతో మాటల్లేని బావ రాకుండా చూడాలి. ఎవరి వెంట ఎవరో ముత్తప్పకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు గుర్రప్ప ఆకుల సంచి మోస్తూ ఆయన వెంట తిరిగాడు.

తర్వాత హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పని చేశాడు. ఎవరైనా బోల్టు అడిగితే నట్టూ వాషరూ చేతిలో పెట్టేవాడు. వద్దన్నా పెట్టేవాడు. అక్కడే కంప్యూటరు నేర్చుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక కాలేజీకి వచ్చి, మొదటిసారి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

"ఇది మా నాయన పనే కదప్పా!"

అది నిజమే. లినక్స్‌లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు. ఒకదాన్ని పిలిస్తే, లైబ్రరీ అనే ఫలానా తోడు ప్రోగ్రాము వస్తేనే నేనొస్తానంటుంది. ఆ లైబ్రరీని పిలిస్తే దానికి ఇంకో ఇద్దరు కావాలి. ఒక్కరు తక్కువైనా తెర మీద ఎర్రర్ పడుతుంది. లోకమంతా ఆ ఎర్రర్ చూసి తల పట్టుకుంటే గుర్రప్ప మాత్రం కాళ్ళు ముడుచుకొని కూర్చొని "చెప్పమ్మా, ఎంబడి ఎవురు కావల్ల?" అని తెరను అడిగేవాడు.

పిలిస్తే పలకడానికి ఆ ప్రోగ్రాములన్నీ దగ్గరుండాలి. కాలేజీకంతటికీ ఉన్నది ఒక్క ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్టు. ప్రిన్సిపాల్ గదిలో ఒక ఫోటో తెరిస్తే ఆఫీసులో మెయిలు ఆగిపోయేది. ముప్పై రెండు మెషీన్లకు అందులోంచి ప్రోగ్రాములు తెప్పించుకోవాలంటే పిల్లల చదువులు అయిపోయి వాళ్ళ పెండ్లిళ్ళు కూడా అయిపోతాయి. అందుకని గుర్రప్ప బెంగుళూరు నుంచి హార్డ్ డిస్కులో మొత్తం ప్రోగ్రాముల భండారానికి నకలు తెచ్చి సర్వర్‌లో పెట్టాడు. దాన్ని లోకల్ మిర్రర్ అంటారు. మెషీన్లన్నీ బయటికి పోకుండా ఆ మిర్రర్‌నే అడుగుతాయి.

ఆ మిర్రర్ కోసం పెద్ద డిస్కు కొనమని గుర్రప్ప "లోకల్ మిర్రర్ నిమిత్తం, ఒకటి" అని అర్జీ పెట్టాడు. ఈశ్వరప్రసాద్ గారు ఆ రోజు హడావుడిలో ఉన్నారేమో, పైపైన చదివి సంతకం చేసేశారు. వారం తర్వాత కృష్ణగిరి బజారు నుంచి మూడడుగుల నిలువుటద్దం వచ్చింది. చుట్టూ పూసల ఫ్రేము కూడా ఉంది. గుర్రప్ప ఒక్క క్షణం దాన్ని చూసి, "ఎంబడి ఎవురు?" అన్నాడు. తెచ్చిన అటెండరు జేబులోంచి రెండు మేకులు తీసి ఇచ్చాడు. అద్దాన్ని సర్వర్ బీరువా పక్కన గోడకు కొట్టేశారు. డిస్కు రావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

ఆయన చేష్టలకు కాలేజీలో నవ్వని వాళ్ళు లేరు. వాచ్‌మన్ హనుమంతప్ప గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే, గుర్రప్ప ఆయన చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోయిగానీ నోరు తెరవడు. హనుమంతుడికి ప్రదక్షిణం చేస్తున్నాడని పిల్లలు నవ్వేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద నవ్వులాట సర్వర్ నిద్ర. సాయంత్రం ఐదూ ముప్పై ఐదు కాగానే గుర్రప్ప ఆవులించేవాడు.

"సర్వర్‌కి నిద్రొస్తా ఉండాది. పాండప్పా, పాండి."

ఆ మాట అని మానిటర్ ఆర్పి, సర్వర్ మీద ఒక తువ్వాలు కప్పి, బీరువా తలుపు మూసి, ల్యాబ్‌కు తాళం వేసేవాడు. ఎవరు బతిమాలినా వినడు. ఆరున్నర దాకా తెరవమని లెక్చరర్లు ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశారు. ఆయన పిలిపించి అడిగితే, "పడుకోకపోతే పొద్దున తిక్కతిక్కగా ఉంటాది సార్" అన్నాడు. ఈశ్వరప్రసాద్ గారికి కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ కాబట్టి, తనకూ అట్లాగే ఉంటుంది కాబట్టి, సరేనన్నారు. నళిని మాత్రం, వేడికి పాడవకుండా సర్వర్‌ను ఆర్పుతున్నాడు కాబోలు అనుకుంది. పొద్దున ఆయనే అందరికన్నా ముందు వస్తాడు కాబట్టి ఆ సంగతి చూసే అవకాశం ఆమెకు రాలేదు.

ఏప్రిల్లో యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. ఆ సెమిస్టర్ నుంచే సీ భాషలో ప్రోగ్రాములు లినక్స్ మీద రాయాలన్నారు. పరీక్ష సోమవారం పది గంటలకు. ఈ పరీక్ష సరిగ్గా జరగకపోతే సెంటరు వేరే కాలేజీకి పోతుందని ఈశ్వరప్రసాద్ గారు రోజుకు మూడుసార్లు చెప్పారు. నళిని ఒప్పందం జూన్‌తో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది ఈ పరీక్ష చూశాకే అని కూడా ఒకసారి చెప్పారు. ఆ ఒక్కసారి చాలు, ఆమెకు అన్నం సహించలేదు.

బుధవారానికల్లా గుర్రప్ప ముప్పై రెండు మెషీన్లనూ లినక్స్ కొత్త వెర్షన్‌కు మార్చాడు. పిల్లలు రాసిన ప్రోగ్రామును నడిచేట్టు చేసే కంపైలర్‌ను మాత్రం శుక్రవారం ఎక్కిద్దామన్నాడు, ఎందుకంటే గురువారం ఆయన తోడల్లుడి కూతురి పెండ్లి. ఆ పొద్దున ల్యాబ్ తెరిచి, తాళాలు నళిని చేతిలో పెట్టి, తాను లేనప్పుడు సర్వర్‌ను ఆర్పొద్దన్నదానితో కలిపి పదకొండు జాగ్రత్తలు చెప్పి, ఆకూ వక్కా సంచీతో పోయాడు. మొదటిసారి ల్యాబ్ మొత్తం తన చేతికి వచ్చిందని నళిని ఆ రోజు కొత్త చీర కట్టుకొచ్చింది.

మధ్యాహ్నం పరీక్ష ఫైళ్ళు సర్వర్‌లోకి ఎక్కిస్తుంటే డిస్కు నిండిందని వచ్చింది. లోపల చూస్తే రెండు పెద్ద ఫోల్డర్లు ఉన్నాయి. ఒకటి 'మనది'. ఇంకొకటి 'హొస'. నళిని ఆలోచించింది. ఇదే యాజమాన్యానికి హోసూరు పక్కన మత్తిగిరిలో ఒక పాలిటెక్నిక్ ఉంది. అక్కడికీ గుర్రప్పే మిర్రర్ పెట్టాడు. 'మనది' అంటే మనది. 'హొస' అంటే హోసూరు వాళ్ళది. పరీక్ష మనకు పెట్టుకొని వాళ్ళ సామాను మనింట్లో ఎందుకు? చెరిపేసింది. పద్దెనిమిది జీబీ ఖాళీ అయింది. ఎంత తెలివిగా చేశానని అద్దంలో చూసుకొని జడ సర్దుకుంది.

శుక్రవారం పొద్దున గుర్రప్ప వచ్చే బస్సు ఆలస్యమైంది. ఆయన వచ్చేలోగా పని ముగించి చూపిద్దామని నళిని కంపైలర్ పిలిచింది. 'హొస' దొరకలేదని వచ్చింది. అయ్యో, ఈ అన్న మన మెషీన్లను హోసూరు వైపు తిప్పి పెట్టినాడే అని నవ్వుకొని, ఒక్కొక్క మెషీన్ దగ్గరా కూర్చొని 'హొస' తీసేసి 'మనది' అని రాసింది. ముప్పై రెండూ దిద్దింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మళ్ళీ కంపైలర్‌ను పిలిస్తే ఈసారి తెర నిండా ఎర్రర్ పడింది. ఒక మెషీన్‌లో కాదు, ముప్పై రెండింటిలోనూ అదే.

గుర్రప్ప పదకొండు గంటలకు పెండ్లి లడ్డూలతో వచ్చాడు. నళిని ముఖం చూసి లడ్డూ పొట్లం పక్కన పెట్టి, తెర ముందు కాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు.

"చూడమ్మా, ఈ కంపైలరు పెండ్లికూతురు. దానికి లిబ్‌సీ-డెవ్ అనే అత్త కావల్ల. ఆ అత్త ఏమంటా ఉంది? నా మొగుడు లిబ్‌సీ ఎంబడి ఉంటేనే వస్తా అంటా ఉంది. మొగుడు యాడుండాడు?"

"మెషీన్‌లోనే ఉండాడన్నా."

"ఉండాడు, కానీ ఎన్నో నంబరు? మొగుడు 2.5 బస్సు ఎక్కి ముందే వచ్చేసినాడు. ఆయమ్మ మాత్రం 2.3 బస్సు కాడ నిలబడి, నా మొగుడు ఈ బస్సులో ఉంటేనే ఎక్కుతా అంటా ఉంది. ఈడ చూడు, నంబరు ముందర రెండు గీతలు. అంటే అచ్చం వాడే కావల్ల. వాని అన్న వచ్చినా కుదరదు, తమ్ముడు వచ్చినా కుదరదు."

"పాతదాన్నే బలవంతంగా ఎక్కిస్తే?"

"బలవంతంగా పిలిస్తే వచ్చేది పెండ్లికి కాదమ్మా, పంచాయితీకి." గుర్రప్ప తెర మీద వేలు ఆనించాడు. "ఇది పాత మిర్రర్‌ని అడుగుతా ఉంది. కొత్తది యాడ పోయింది?"

"కొత్తదా? యాడుండింది?"

"హొసలో."

నళిని తెర వదిలి గుర్రప్ప వైపు తిరిగింది. "హొస అంటే... హోసూరు కాదా?"

"కన్నడంలో హొస అంటే కొత్తది కదమ్మా!"

కృష్ణగిరి పక్క పెరిగిన నళినికి ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. కన్నడంలో ఆమెకు వచ్చింది 'ఊట ఆయ్తా', అంటే అన్నం తిన్నావా అన్న మాట ఒక్కటే. హోసూరు పక్క పుట్టిన గుర్రప్పకు ఏ మాట ఏ భాషదో పుట్టిన్నాటి నుంచి తెలియదు, నోటికి ఏది ముందొస్తే అది. ఆమె ఏడుస్తూ అంతా చెప్పింది. చెరిపిన సంగతి, ముప్పై రెండు మెషీన్లను కష్టపడి చెడగొట్టిన సంగతి, కొత్త చీర సంగతి కూడా.

గుర్రప్ప అంతా విన్నాడు. "చెరిపే ముందర దాని ఎంబడి ఎవురుండారని చూసినావా?"

"లేదన్నా."

"ఏడాదిగా నన్ను చూసి నవ్వినావు కదా, ఒక్కసారి అడిగుంటే సరిపోయుండును" అని లడ్డూ పొట్లం ఆమె ముందుకు తోశాడు. "తిను. ఏడుపు ఎంబడి ఏదన్నా ఉండల్ల."

అంతలో ఈశ్వరప్రసాద్ గారు రానే వచ్చారు. ఎవరో ముందే చెవిలో వేసినట్టున్నారు. "ఏమయ్యా గుర్రప్పా, కంపైలర్ రాలేదంట! ఎవరు చేసిన పని? ఈ అమ్మాయా?"

నళిని చేతిలోని లడ్డూను వెనక్కి దాచుకుంది.

"తప్పు నాది సార్" అన్నాడు గుర్రప్ప. "పెండ్లి పత్రిక మీద మనిషి పేరు రాయకుండా ఊరి పేరు రాసినాను. అది పోవాల్సిన చోటికి పోలేదు."

"పెండ్లి పత్రికేమిటయ్యా?"

"అదంతా టెక్నికల్ సార్."

టెక్నికల్ అనగానే ఈశ్వరప్రసాద్ గారు అద్దంలో టై సర్దుకొని, "సోమవారం పది గంటలకు నడవాలి, అంతే" అని వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగాక నళిని, "ఎందుకన్నా నీ మీద వేసుకున్నావు?" అంది. గుర్రప్ప ఆ మాట విననట్టు, "రేపు ఏడు గంటల బస్సుకి రా. మత్తిగిరికి పోవల్ల. 'హొస' ఇంకొకటి ఆడుండాది" అన్నాడు.

శనివారం ఇద్దరూ హోసూరు బస్సెక్కారు. ఖాళీ డిస్కును గుర్రప్ప పంచె ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టరు, "అదేంటప్పా, లగేజీనా?" అన్నాడు.

"చంటిబిడ్డ."

"బిడ్డ ఎంబడి ఎవురు?" అన్నాడు కండక్టరు నవ్వుతూ. వాడు ఆ రూటు మీద పాత మనిషి.

మత్తిగిరి పాలిటెక్నిక్ ల్యాబ్‌లో అనంతకుమార్ అనే మనిషి వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. 'హొస' అక్కడ చెక్కు చెదరకుండా ఉంది. జరిగింది విని అతను కడుపు పట్టుకొని నవ్వాడు. "ఈడ ఎవురు చెరుపుతారక్కా? కొత్తదని దాని మీదే రాసుండాది కదా!" ఆ ల్యాబ్‌లో అందరికీ కన్నడం వచ్చు. నళినికి ఒళ్ళు మండింది, కానీ 'హొస' ఉన్నది వాళ్ళ దగ్గర కాబట్టి ఊరుకుంది.

నకలు కావడానికి నాలుగు గంటలు పట్టింది. ఈలోగా, పెండ్లికి వచ్చి ఆ పక్కనే చుట్టాలింట్లో ఆగిన తిమ్మమ్మ రాగిముద్దలు, ఉలవచారు పంపింది. ముద్దలు మూడు పంపింది, ఎంబడి ఎవరెవరున్నారో ఆమెకు ముందే కబురు పోయింది కాబోలు. నాలుగుంబావుకు బర్గూరు చేరి, డిస్కును సర్వర్‌కు తగిలించి, నకలు మొదలుపెట్టారు. ఇంకో నాలుగు గంటల పని. సరిగ్గా ఐదూ ముప్పై ఐదుకు గుర్రప్ప ఆవులించాడు.

"సర్వర్‌కి నిద్రొస్తా ఉండాది."

"అన్నా, నకలు సగం కూడా కాలేదు!"

"నిద్రలో చేసుకుంటాదిలే. పా." తువ్వాలు కప్పి తాళం వేసేశాడు.

ఆదివారం పొద్దున నళినే ముందు వచ్చి, వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుంది. తువ్వాలు తీసి చూస్తే నకలు పూర్తయి ఉంది. సంతోషపడబోయి ఆగింది. ఆర్పేసిన సర్వర్ నకలు యెట్లా చేసింది? ఎన్నాళ్ళుగా మేలుకున్నావని సర్వర్‌నే అడిగింది. అడిగితే చెబుతుంది, దానికొక కమాండు ఉంది. నూట పదకొండు రోజులు అని వచ్చింది. నూట పదకొండు రోజులుగా అది ఒక్క నిమిషం కూడా నిద్రపోలేదు. నళిని ఆ అంకె కాగితం మీద రాసి, మడిచి, చేతి గడియారం పట్టీ కింద పెట్టుకుంది.

ఆ రోజంతా గుర్రప్ప కుర్చీలో కూర్చొని చేతులు కట్టుకున్నాడు, పని మొత్తం నళిని చేతనే చేయించాడు. "పిలువు. ఎవురు రామన్నారు? వాళ్ళకు ఎవురు కావల్ల? వాళ్ళను ముందు పిలువు." అంతకుమించి ఒక్క మాట సాయం చెప్పలేదు. మొదటి మెషీన్‌కు గంటన్నర పట్టింది. మధ్యాహ్నానికి ఆమె ఎర్రర్ చూడగానే నవ్వడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరి కోసం అలిగి కూర్చున్నారో తెర మీద కనిపిస్తుంటే ఇన్నాళ్ళూ దీనికా భయపడ్డాను అనిపించింది. ఐదున్నరకు ఇరవై మూడు మెషీన్లు అయ్యాయి. తొమ్మిది మిగిలాయి.

ఐదూ ముప్పై ఐదుకు గుర్రప్ప ఆవులించాడు. "సర్వర్‌కి..."

"సర్వర్‌కి నిద్ర లేదన్నా" అంది నళిని.

"ఎవురు చెప్పినారు?"

"సర్వరే చెప్పింది." గడియారం పట్టీ కింది కాగితం తీసి చూపించింది. "నూట పదకొండు రోజులు. ఇప్పుడు నిజం చెప్పు. ఈ నిద్ర ఎంబడి ఎవురు?"

బెల్లం దొంగిలిస్తూ దొరికిన పిల్లాడిలా గుర్రప్ప అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. తన ప్రశ్న తననే పట్టుకుంది. చంకలోని ఎర్ర పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అద్దం వైపు తిరిగి అవసరం లేకపోయినా తల దువ్వుకోసాగాడు.

నళిని తెరిచింది. మొదటి పేజీలోనే "హనుమంతప్ప, వాచ్‌మన్" అని ఉంది. కింద "ఎంబడి: ఎడమ చెవి వినపడదు. ఎవరికీ చెప్పుకోడు. కుడి పక్క నిలబడి మాట్లాడల్ల" అని ఉంది. ప్రదక్షిణం గుర్తొచ్చి ఆమె నవ్వు ఆగిపోయింది. పేజీలు తిప్పింది. అటెండరు పిల్లల బడి, క్యాంటీన్ వంటమనిషి మోకాళ్ళు, ఈశ్వరప్రసాద్ గారి రక్తపోటు. ఆఖరికి తన పేరు దొరికింది.

"నళిని. ఎంబడి: ఐదూ యాభై బస్సు. బస్సు ఎంబడి: అమ్మ వెంకటమ్మ. అమ్మ ఎంబడి: ఏడు గంటల సూది. వేసేది ఈ పిల్లే, ఇంకెవరూ లేరు." దాని కింద వేరే సిరాతో, "ల్యాబ్ మూసేది 5:35. ఎవరన్నా అడిగితే సర్వర్ నిద్ర" అని రాసుంది.

నళిని ఆ పేజీని రెండుసార్లు చదివింది. ఏడాదిగా ఒక్క రోజు కూడా ఆమెకు ఆ బస్సు తప్పలేదు. అది తన అదృష్టమని అనుకునేది. పొద్దుగూకులూ తాను నవ్వింది ఈ మనిషిని చూసి అని సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే చెప్పలేనంత గర్వం కలిగింది, ఇట్లాంటి మనిషి దగ్గర పని నేర్చుకుంటున్నానని.

"నాతో చెప్పుండొచ్చు కదన్నా."

"చెప్తే నువ్వు మొహమాటపడతావు. సర్వర్‌కి మొహమాటం లేదు." దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "ఇంకా పది నిమిషాలే ఉండాది. పరిగెత్తు."

"తొమ్మిది మెషీన్లు ఉండాయి!"

"అవి నీవే. నేను ముట్టుకోను. పొద్దున మొదటి బస్సుకు రా."

సోమవారం ఏడుంబావుకు నళిని ల్యాబ్‌లో ఉంది. తొమ్మిదింబావుకు ముప్పై రెండో మెషీన్‌లో కంపైలర్ ఎక్కింది. ఎవరూ ఎవరి కోసం అలగలేదు. పది గంటలకు పరీక్ష మొదలైంది, ఒక్క మెషీన్ కూడా మొరాయించలేదు.

మధ్యాహ్నం, యూనివర్సిటీ పంపిన ఎగ్జామినర్ గారు అన్నారు: "నేను చాలా కాలేజీలు చూసినాను. కంపైలర్ లేదని పరీక్ష రెండు గంటలు ఆపిన చోట్లున్నాయి. ఈ పల్లెటూళ్ళో మీకెట్లా వచ్చిందండీ? లోకల్ మిర్రర్ ఏమన్నా ఉందా?"

"ఎందుకు లేదు సార్!" ఈశ్వరప్రసాద్ గారు ఛాతీ విరిచి, గోడ మీది పూసల అద్దం చూపించారు. "మూడడుగులది!"

ఎగ్జామినర్ అద్దంలోకి చూశారు. మీసం సర్దుకున్నారు. గుర్రప్ప దగ్గి, బీరువా తెరిచి, తువ్వాలు తీసి అసలు మిర్రర్ చూపించాడు. "ఇది తెచ్చింది నేను సార్. చెడింది నేను పెట్టిన పేరు వల్ల. బాగు చేసింది ఈ అమ్మ, మా నళిని. ముప్పై రెండూ."

ముప్పై రెండు మెషీన్ల ముందున్న పిల్లలందరూ తల తిప్పి చూశారు. నళినికి ఆ కొత్త చీర ఈ రోజు కట్టుకోలేదే అనిపించింది.

జూన్‌లో ఒప్పందం సంగతి వచ్చినప్పుడు గుర్రప్ప ప్రిన్సిపాల్‌కు ఒక కాగితం ఇచ్చాడు. "పరీక్ష సెంటరు ఎంబడి ల్యాబ్. ల్యాబ్ ఎంబడి సర్వర్. సర్వర్ ఎంబడి మిర్రర్. మిర్రర్ ఎంబడి నళిని. ఒకరిని తీసేస్తే అందరూ పోతారు." ఈశ్వరప్రసాద్ గారు ఎక్కడ కొట్టేయాలో తెలియక కింద సంతకం పెట్టారు. నళినికి ఉద్యోగం ఖాయమైంది. ఫోల్డరు పేరు కూడా మారింది. ఇప్పుడది 'కొత్త-పుదు-హొస'. తెలుగు, తమిళం, కన్నడం, మూడింటిలోనూ కొత్తదే. ఇంక దాన్ని చెరపాలంటే ఈ మూడు రాష్ట్రాల అవతలి నుంచి రావాలి.

ఆర్డరు చేతికొచ్చిన రోజు మధ్యాహ్నం, గుర్రప్ప క్యాంటీన్‌కు పోతూ ఎర్ర పుస్తకం బల్ల మీద మరిచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అట్లా మరవడం అదే మొదటిసారి. మరిచాడో, కావాలనే పెట్టిపోయాడో తెలియదు. నళిని తన పేజీ తెరిచి, బస్సు, అమ్మ, సూది ఉన్న వరుస కింద ఇంకో పేరు రాసి, పక్కన రెండు గీతలు గీసి, మూసి పెట్టింది.

ఆయన వచ్చాడు. పుస్తకం మడత మారడం ఒక్క చూపులో కనిపెట్టాడు. తెరిచి చదివాడు: "గుర్రప్పన్న =".

అచ్చం వాడే కావల్ల. వాని అన్న వచ్చినా కుదరదు, తమ్ముడు వచ్చినా కుదరదు.

గుర్రప్ప పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత మానిటర్ ఆర్పి, సర్వర్ మీద తువ్వాలు కప్పి, దాని కొసతోనే ముక్కు తుడుచుకున్నాడు.

"పాండప్పా, పాండి. సర్వర్‌కి నిద్రొస్తా ఉండాది."

అప్పుడు టైము మధ్యాహ్నం మూడు గంటలు.